ఒక్క ఫోనుకి ఫారం ఏడు

నేను ముప్పై మూడేళ్ళు డ్రిల్లు మాస్టారుగా పనిచేశాను. నేను ఈల వేస్తే రామచంద్రపురం హైస్కూల్లో ఆరువందల మంది పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయేవారు. రిటైరైన మర్నాటి నుంచి నా మాట వినేవాళ్ళు ఇంటా లేరు, బయటా లేరు. నాతో మాట్లాడాలని తహతహలాడేవాళ్ళు మాత్రం దేశం నలుమూలలా పుట్టుకొచ్చారు. వాళ్ళందరికీ నా ఫోన్ నంబరు తెలుసు.

పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే ఒకమ్మాయి ఫోన్ చేసి నాకు లోను మంజూరైందంటుంది. టిఫిన్ దగ్గర కూర్చుంటే ఒకాయన, నేను పేరు కూడా వినని ఊళ్ళో నాకోసం ఈశాన్యం ప్లాటు అట్టే పెట్టానంటాడు. అరవై ఒకటో ఏట నాకు ఇంజనీరింగులో సీటిస్తామని ముగ్గురు వేర్వేరుగా చెప్పారు. ఒక మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే, నా ప్రొఫైలు ఒక పెళ్ళికూతురి తల్లిదండ్రులకి బాగా నచ్చిందని ఫోనొచ్చింది. ఎత్తింది మా ఆవిడ మంగతాయారు. "అలాగేనండి, తీసుకెళ్ళండి. బీపీ మాత్రలు రోజుకి రెండు, పరగడుపున ఒకటి. ఉప్పు ఎక్కువైతే అరుస్తారు" అని చెప్పి పెట్టేసింది. ఆ సంబంధం మళ్ళీ రాలేదు.

లెక్కపెట్టి చూశాను. రోజుకి ఇరవై మూడు. క్రమశిక్షణ తెలిసినవాణ్ణి కాబట్టి తిట్టలేదు. పాత ఈల బయటికి తీసి, ఫోన్ రాగానే మౌత్‌పీసు దగ్గర పెట్టి గట్టిగా ఊదాను. లోను అమ్మాయికి చీమకుట్టినట్టయినా లేదు. వీధిలో మాత్రం ఒక ఆటో నడిరోడ్డు మీద ఆగిపోయింది. డ్రైవరు నా పాత శిష్యుడు. ఎదురింటి కౌన్సిలరు గారు కూడా నా శిష్యుడే, గడ్డం గీసుకుంటున్నవాడు సబ్బు నురగతోనే అటెన్షన్లో నిలబడ్డాడు. అంటే నా ఈల పనిచేయాల్సినవాళ్ళ మీద తప్ప అందరి మీదా పనిచేస్తోంది. దాన్ని మళ్ళీ సొరుగులో పడేశాను.

అలాంటి రోజుల్లో పేపర్లో ఒక ప్రకటన వచ్చింది. పౌరుల శ్రవణేంద్రియములకు విశ్రాంతి కల్పించే దిశగా అవాంఛిత దూరవాణీ సంభాషణల నియంత్రణ మండలి 'నిశ్శబ్ద నేస్తం' అనే పథకాన్ని ప్రారంభించిందట. పేరు నమోదు చేసుకున్నవాళ్ళకి అక్కర్లేని ఫోన్లు రావట. నేను ఆ పూటే మండలాఫీసుకి వెళ్ళి ఆరు పేజీల దరఖాస్తు నింపాను. 'మీకు ఫోన్లు ఎందుకు వద్దు? మూడు వాక్యములకు మించకుండా రాయుము' అని అడిగారు. నాకు ఒక్క వాక్యమే సరిపోయింది. అందులో మొదటి సగం గుమాస్తాగారు దయతో కొట్టేశారు.

మర్నాడు తొమ్మిదింటికి ఫోన్ మోగింది.

"నమస్కారమండి. కొప్పిశెట్టి భీమేశ్వరరావు గారాండి? నిశ్శబ్ద నేస్తం నుంచి కల్యాణిని మాట్లాడుతున్నానండి. ఫోన్లు వద్దని మీరు కోరుకున్నట్టు ధ్రువీకరించుకోవడానికి ఫోన్ చేశానండి."

ధ్రువీకరించాను. ఎంత పద్ధతైన మనుషులో అనుకున్నాను. పన్నెండింటికి మళ్ళీ అదే అమ్మాయి. పొద్దుటి నుంచి ఏమైనా అక్కర్లేని ఫోన్లు వచ్చాయా అని అడిగింది. సాయంత్రం ఐదింటికి ఇంకోసారి అడిగింది. ఆ మర్నాడూ అంతే, ఆ పై రోజూ అంతే. మధ్యమధ్యలో, కల్యాణి నాకు ఫోన్ చేసిందో లేదో కనుక్కోవడానికి ఆవిడ పైఅధికారి ఫోన్ చేసేవాడు. ఆయన చేశాడో లేదో కనుక్కోవడానికి తనిఖీ విభాగం నుంచి ఒకావిడ చేసేది.

"ఇవాళ అవాంఛితమైన ఫోన్లు ఏమైనా వచ్చాయాండి?" అంది కల్యాణి నాలుగో రోజు.

"వచ్చాయమ్మా. తొమ్మిది."

"ఎవరి దగ్గర్నుంచండి?"

"మీ దగ్గర్నుంచే."

కాసేపు కంప్యూటర్ మీద టకటకలు వినిపించాయి. "అవి ఫోన్లు కావండి, పర్యవేక్షణండి. ఫోన్ల గడిలో సున్నా వేసుకున్నానండి" అంది. మర్యాదైన పిల్ల. నాకు దాని మీద కోపం కూడా సరిగ్గా రాలేదు.

ఇదంతా నేను భరించేసేవాణ్ణే. డ్రిల్లు మాస్టారుకి ఎండలో నిలబడటం అలవాటే. కాని ఆ వారమే మా మేనత్త అచ్చియ్యమ్మ మండపేట నుంచి బస్సు దిగింది. ఎనభై రెండేళ్ళ మనిషి. చెప్పులు కూడా విప్పకుండానే కబురు చెప్పింది.

"ఒరే భీముడూ, మీ అన్నయ్య మెత్తబడ్డాడ్రా."

ఆ మాటకి మంగతాయారు చేతిలో చేట అలాగే కింద పెట్టేసింది. ఎందుకో చెప్పాలి.

పదకొండేళ్ళ క్రితం మా అమ్మాయి పెళ్ళి. సరిగ్గా అంతకుముందు వారమే మా స్కూల్లో జిల్లా క్రీడలు పడ్డాయి. మూడు వందల మంది పిల్లలకి కోర్టులు గీయించి, భోజనాలు పెట్టించి, పడినవాళ్ళకి కట్లు కట్టించేసరికి నాకు ఊపిరి సలపలేదు. మా వైపు అయినవాళ్ళని పెళ్ళికి పిలవాలంటే భార్యాభర్తలిద్దరూ ఇంటికి వెళ్ళి, ఆడవాళ్ళకి బొట్టు పెట్టి పిలవాలి. అన్నయ్య గవర్రాజుని అందరికంటే ముందు పిలవాలి. మండపేట ఎంత దూరం, అరగంట. వెళ్ళలేదు. కబడ్డీ కోర్టులో నిలబడి ఫోన్ చేశాను. "ఫోన్లో పిలుస్తున్నానని ఏమీ అనుకోకు అన్నయ్యా" అన్నాను.

అన్నయ్య అదే అనుకున్నాడు. పెళ్ళికి రాలేదు. 'తోడబుట్టినోణ్ణి ఫోన్లో పిలుత్తాడా ఎవడైనా' అన్న మాట మూడు మండలాలు తిరిగి నా దగ్గరికొచ్చింది. 'ఆడి గుమ్మం తొక్కను' అన్నది దాని వెనకాలే వచ్చింది. ఆ రోజే వెళ్ళి కాళ్ళ మీద పడితే సరిపోయేది. నాకూ పౌరుషం పొడుచుకొచ్చింది. పదకొండేళ్ళు గడిచిపోయాయి. మంగతాయారూ బుల్లెమ్మ వదినా అక్కచెల్లెళ్ళలా ఉండేవారు, మా మూలాన వాళ్ళకీ రాకపోకలు తెగాయి. మా అమ్మాయి పెళ్ళి ఆల్బం నేను ఇప్పటికీ తెరవను. పెదనాన్న నిలబడాల్సిన చోట ఫోటోగ్రాఫరు ఎవరో క్యాటరింగాయన్ని నిలబెట్టాడు.

"మనవరాలికి పెళ్ళి కుదిరిందిరా గవర్రాజుకి" అంది అత్త. "నిన్ను పిలుత్తాడంట. కాని ఆడు ఆడేగా. 'ఆడు నన్ను ఫోన్లో పిలిసేడు, నేనూ ఆణ్ణి ఫోన్లోనే పిలుత్తాను, సెల్లుకి సెల్లు' అన్నాడు. గురువారం పొద్దున్న పదింటికి సేత్తాడంట. ఒక్కసారే. నువ్వెత్తితే పదకొండేళ్ళదీ మాఫీ. ఎత్తకపోతే అక్కడితో సరి."

"మనమే వెళ్ళిపోదామండి" అంది మంగతాయారు.

"పెళ్ళికి పిలవమని అడగడానికి వెళ్తామా?" అన్నాను. ఆ మాట అత్తకి కూడా సబబుగానే తోచింది. పిలిచేవాడు పిలవాలి, మనం ఎత్తాలి. ఇందులో కష్టమేముంది?

గురువారం నేను తెల్లవారకముందే స్నానం చేసి, ఫోన్ నిండా ఛార్జింగు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాను. ఫోనుకి ఇస్త్రీ చొక్కా ఎందుకని మంగతాయారు అడగలేదు. తనూ పట్టుచీర కట్టుకుంది. తొమ్మిది యాభై ఎనిమిదికి మోగింది.

"నమస్కారమండి, నిశ్శబ్ద నేస్తం నుంచి కల్యాణినండి. వారపు సంతృప్తి సర్వేండి. నలభై ప్రశ్నలండి."

"అమ్మా, తరవాత చెయ్యమ్మా. మా అన్నయ్య ఫోన్ వస్తుంది."

"సర్వే మధ్యలో ఆపితే మీకు నిశ్శబ్దం మీద ఆసక్తి తగ్గినట్టు నమోదైపోతుందండి. అప్పుడు కౌన్సెలింగుకి ముగ్గురు ఫోన్ చేస్తారండి, ఒకళ్ళ తరవాత ఒకళ్ళు. గబగబా అడిగేస్తానండి. మొదటి ప్రశ్నండి. గత వారం మీ నిశ్శబ్దం ఎలా ఉంది? చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు, చెప్పలేను."

చాలా బాగుందన్నాను. నిశ్శబ్దం ఇంటి లోపల బాగుందా, బయట బాగుందా అంది. రెండు చోట్లా అన్నాను. ఆరో ప్రశ్నలో ఉండగా చెవిలో బీప్ బీప్‌మంది. ఫోన్ మొహం ముందు పెట్టుకుని చూశాను. 'అన్నయ్య' అని వెలుగుతోంది. ఈ పదకొండేళ్ళలో మూడు ఫోన్లు మార్చాను, ఒక్కసారి కూడా మోగని ఆ నంబరుని ప్రతి కొత్త ఫోన్లోకీ ఎక్కించుకుంటూనే వచ్చాను. ఇప్పుడది మోగుతోంది.

నా బొటనవేలు తాడులాగుడు పోటీలకి తయారైన వేలు. అద్దం మీద నాజూకు పనులు దానికి రావు. కల్యాణిని కట్ చేయబోయి అన్నయ్యని కట్ చేశాను.

వెంటనే కల్యాణినీ కట్ చేసి, అన్నయ్యకి నేనే చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. పన్నెండుసార్లు చేశాను. మధ్యలో కౌన్సెలింగువాళ్ళు ముగ్గురూ చేశారు. మధ్యాహ్నానికి అత్త దగ్గర్నుంచి మంగతాయారు ఫోన్‌కి కబురొచ్చింది.

"సూసి మరీ కట్ సేసేడంట కదరా. 'ఎత్తకపోతే ఏదో బాత్రూములో ఉన్నాడనుకుందును, కట్ సేసేడత్తా' అని కుర్సీలో కూలబడ్డాడు. అన్నం కూడా తిన్లేదు."

ఫోన్ స్పీకర్లో ఉంది. నేను పక్కనే నిలబడి విన్నాను. నా వయసువాడు పెళ్ళాం ముందు ఏడిస్తే బాగుండదని పెరట్లోకి వెళ్ళాను.

అత్త మాత్రం ఊరుకునే మనిషి కాదు. నాలుగు రోజులు అన్నయ్య వసారాలో కూర్చుని, 'నేను పోయేలోపు మీరిద్దరూ కలవడం సూత్తానో లేదో' అని మొదలుపెట్టి, చివరికి ఇంకో గురువారం సంపాదించింది. ఇదే ఆఖరట. ఆ గురువారానికల్లా నా ఫోన్ని ఈ నిశ్శబ్దం నుంచి విడిపించుకోవాలని సోమవారం ఉదయాన్నే కాకినాడ బస్సెక్కి మండలి కార్యాలయానికి వెళ్ళాను.

గేటు దగ్గర నుంచీ 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డులు. తలుపు తోశాను. హాల్లో నాలుగు వరసల్లో నలభై మంది, చెవులకి యంత్రాలు తగిలించుకుని, ఒక్కసారిగా జిల్లా అంతటితో మాట్లాడుతున్నారు. జిల్లా క్రీడల్లో ఫైనల్స్ రోజున కూడా నేను అంత గోల వినలేదు. వరసలు మాత్రం తిన్నగా ఉన్నాయి.

ఉపసంచాలకులు విద్యాభూషణం గారు అద్దాల గదిలో ఉన్నారు. నన్ను కూర్చోబెట్టి, గోడ మీదున్న పటాన్ని బెత్తంతో చూపించారు. ఎత్తు నుంచి నేలకి జారిపోతున్న ఎర్ర గీత అది.

"మా మండలి ఆవిర్భవించిన నాటి నుండి లబ్ధిదారులకు అవాంఛిత సంభాషణలు తొంభై ఏడు శాతం మేర క్షీణించినట్లు గణాంకములు తేటతెల్లం చేయుచున్నవి" అన్నారు.

"ఎలా తగ్గాయండి?"

"లైనును తీరిక లేకుండా ఉంచుటయే మా వ్యూహం. మా సిబ్బంది మీతో సంభాషించుచుండగా అన్యులెవ్వరూ మీతో సంభాషింపజాలరు కదా."

నేను ఆ గీత వైపు మరోసారి చూశాను. మిగిలిన మూడు శాతం ఏంటని అడిగాను. సిబ్బంది భోజన విరామం అన్నారు. దానిని వంతులవారీ చేసే ప్రతిపాదన పైవారి పరిశీలనలో ఉందట.

ఇంతలో ఆయన సెల్‌ఫోన్ మోగింది. "వద్దమ్మా, నాకు ప్లాటు వద్దు, ఈశాన్యమైనా వద్దు" అని పెట్టేశారు.

"తమరు పథకంలో చేరలేదాండి?" అన్నాను.

"నేనా? నాకు ఆఫీసు పనులుంటాయి కదండీ" అన్నారు. ఆ ఒక్క మాటా మామూలు తెలుగులో అన్నారు.

నా సంగతి చెప్పాను. పథకంలోంచి తీసేయమని చేతులు జోడించాను. ఆయన నొచ్చుకున్నారు.

"తీసివేయుమనుట అనగా, అవాంఛిత ఫోనులు కావలెనని లిఖితపూర్వకంగా కోరుటయే. అవి కావలెనని కోరినచో అవి వాంఛితములగును. వాంఛితములు మా పరిధిలోనివి కావు. అయిననూ వైదొలగు మార్గము లేకపోలేదు. మా సహాయ కేంద్రమునకు ఫోన్ చేయవలెను."

"అది ఎప్పుడు చేసినా బిజీగా ఉంటుందండి."

"సహజము. మీవంటివారితోనే మాట్లాడుచుందురు."

కుర్చీలోంచి లేచాను. డ్రిల్లు మాస్టారుగా నేను ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు, ఆ రికార్డు చెడగొట్టుకోదలచలేదు. నా ముఖం చూసి ఆయనకే జాలేసినట్టుంది.

"భ్రాతృసంభాషణ నిమిత్తమైనచో ఒక సదుపాయమున్నది. ఈ బుధవారం నుండి రెండవ దశ అమలగుచున్నది. అనుమతి లేని ఏ నంబరునుండియూ లబ్ధిదారునకు ఫోను వెళ్ళదు. అనుమతికి ఫారం ఏడు. ఫోన్ చేయదలచిన వ్యక్తి సతీసమేతంగా గ్రహీత నివాసమునకు స్వయముగా హాజరై, గుమ్మము లోపల నిలిచి, గ్రహీతతో కలిసి మా యాప్‌లో ఫోటో దిగి, గ్రహీత సంతకము గైకొనవలెను. పిదప మూడు నిమిషములకు మించకుండా ఒక్క ఫోను చేసుకొనవచ్చును."

"సతీసమేతంగా ఎందుకండి?"

"సాక్షి సంతకమునకు. బయటి సాక్షులు అబద్ధమాడుచున్నారు."

"మా అన్నయ్య నా గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడండి. అందుకే ఫోన్ చేస్తానన్నాడు."

"ఒట్లు మా పరిధిలోనికి రావండి" అన్నారు విద్యాభూషణం గారు, చాలా మర్యాదగా.

సర్కారు పని చెప్పిన రోజుకి ఎప్పుడు మొదలైంది గనక అన్న ధైర్యంతో, గురువారం పదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాను. ఫోన్ మోగలేదు. పదీ పది, పదిన్నర. మండపేటలో అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. అన్నయ్య నంబరు నొక్కగానే వీణ మోగి, ఒకావిడ గొంతు వినిపించిందట. 'మీరు ఫోన్ చేసిన లబ్ధిదారులు ప్రస్తుతం ప్రశాంతంగా ఉన్నారు. వారి ప్రశాంతతకు భంగం కలిగించదలచినచో సమీప కేంద్రంలో ఫారం ఏడు పొందగలరు.'

"ఆడు ఎంత నొచ్చుకున్నాడో నీకు తెలీదు" అంది అత్త మంగతాయారు ఫోన్లో. "'నేను లేకపోతే ఆడు ప్రశాంతంగా ఉన్నాడంటత్తా, గవర్నమెంటోళ్ళే సెప్పేరు' అన్నాడు."

పన్నెండింటికి కల్యాణి చేసింది. ఇవాళ ఏమైనా అవాంఛిత ఫోన్లు వచ్చాయా అంది.

"లేదమ్మా. రావాల్సిందీ రాలేదు" అన్నాను. ఎందుకో ఆ పిల్లకి మొత్తం చెప్పేశాను. కబడ్డీ కోర్టు దగ్గర్నుంచి వీణ దాకా. రోజుకి మూడుసార్లు నా యోగక్షేమాలు అడిగే మనిషి లోకంలో అదొక్కతే కదా. అది టకటకలు ఆపేసి వింది. "దీనికి గడి లేదండి" అంది చివరికి.

శనివారం పొద్దున్న దాని ఫోన్ ఏడున్నరకే వచ్చింది.

"సార్, ఇది పర్యవేక్షణ కాదండి. మండపేట కేంద్రంలో కొప్పిశెట్టి గవర్రాజు గారని ఒకరు ఫారం ఏడు తీసుకున్నారండి. నిన్నటి జాబితాలో చూశానండి. నేను చెప్పానని చెప్పకండి."

మంగతాయారు ఇల్లంతా కడిగింది. నేను గేటుకి నూనె వేశాను.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి గేటు ముందు పాత మోపెడ్ ఆగింది. ముందు అన్నయ్య, వెనక బుల్లెమ్మ వదిన. అన్నయ్య జుట్టు పూర్తిగా తెల్లబడిపోయింది. ప్లాస్టిక్ కవర్లో కాగితం గుండెకి ఆనించుకుని గేటవతలే నిలబడ్డాడు. నా వైపు కాకుండా గేటు వైపు చూసి మాట్లాడాడు.

"పిలవడానికి రాలేదు. ఫోన్లోనే పిలుత్తానన్నాను, ఫోన్లోనే పిలుత్తాను. దానికి సంతకం కావాలన్నారు, సంతకానికొచ్చేను."

"గుమ్మం లోపల ఫోటో దిగాలి అన్నయ్యా" అన్నాను.

"తెలుసు. సదివేను. ఇది గవర్నమెంటు తొక్కించే గుమ్మం. నా ఒట్టుకీ దీనికీ సంబంధం లేదు" అని, కుడికాలు ముందు పెట్టి లోపలికొచ్చాడు.

ఆడవాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మంగతాయారు ఫోన్ పట్టుకుంది. వసారాలో నేనూ అన్నయ్యా మనిషికీ మనిషికీ రెండు మూరల ఎడంలో నిలబడ్డాం.

'ముఖముల మధ్య దూరం అధికం. దగ్గరకు జరగండి' అంది యాప్.

నేను అడుగు జరిగాను. 'ఇంకను దగ్గరకు జరగండి' అంది. అన్నయ్య అడుగు జరిగాడు. అలా నాలుగుసార్లు అనిపించుకుని, భుజానికి భుజం తగిలేదాకా వచ్చాం. చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకున్నప్పుడు తగిలిన భుజమే. ఇప్పుడు ఎముకలు తెలుస్తున్నాయి.

'కళ్ళు స్పష్టంగా లేవు. మళ్ళీ ప్రయత్నించండి' అంది యాప్.

అన్నయ్య కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఎండ" అన్నాడు. మేమున్నది నీడలో.

ఫోటో అయింది. సంతకం చేశాను, వదినా చేసింది. అన్నయ్య కాగితం మడిచి, "రేపు మళ్ళీ ఏం రూల్ మారుత్తాదో, ఇప్పుడే సేసేత్తాను" అని గేటు దగ్గరికి నడిచాడు. నేను ముందు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాను. ఎదురెదురుగా నిలబడి ఫోన్లో మాట్లాడుకుంటే బాగుండదు కదా.

మోగింది. 'అన్నయ్య.' ఈసారి బొటనవేలు వాడలేదు. చూపుడువేలితో జాగ్రత్తగా ఎత్తాను.

"ఏరా."

"అన్నయ్యా."

గేటు పక్కన కాకి అరుస్తోంది. అది నా చెవిలో ఒకసారి, కిటికీలోంచి ఒకసారి వినిపిస్తోంది. "మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అన్నాను. "ఉన్నాయి" అన్నాడు. "నీకు బీపీయంట?" అన్నాడు. "మాత్ర వేసుకుంటున్నా" అన్నాను. మళ్ళీ కాకి. 'మీకు ఇంకను ముప్పది సెకనులు' అంది రికార్డు గొంతు. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "భీముడూ, అదేంటంటే, మన పిల్ల పెళ్ళి" అన్నాడు. మధ్యలో గొంతు జీరపోయింది. దాన్ని మళ్ళీ సవరించుకునేలోపు కట్ అయిపోయింది.

నేను బయటికొచ్చాను. అన్నయ్య గేటు దగ్గర్నుంచి ఫోన్ని చూసుకుంటూ నడిచొచ్చాడు.

"కట్టయిపోయింది. పిలవడం కాలేదు" అన్నాడు.

"పెళ్ళి దాకా వచ్చావు."

"దాకా వత్తే పిలిసినట్టా? మళ్ళీ ఫారం ఏడు తేవాలి" అని కూలబడ్డాడు. కాఫీ తెమ్మని మంగతాయారుని కేకేశాను. పలకలేదు. వంటింట్లోకి తొంగి చూశాను. వదినా తనూ పీటలు వాల్చుకుని కూర్చున్నారు. మంగతాయారు నుదుట ఎర్రగా కొత్త బొట్టుంది. ఒళ్ళో శుభలేఖ, పసుపు రాసిన జాకెట్టు ముక్క, రెండు అరటిపళ్ళు. మేము మూడు నిమిషాలు కాకిని వింటుంటే ఆ పని అక్కడ ఒక్క నిమిషంలో అయిపోయింది. ఎవరూ చూడలేదన్నట్టు వదిన కుంకుమ భరిణ సంచిలో పెట్టేసుకుంది. నేనూ చూడనట్టే వెనక్కొచ్చి కుర్చీలో కూర్చున్నాను.

నా ఫోన్ మోగింది.

"నమస్కారమండి. నిశ్శబ్ద నేస్తం నుంచి కల్యాణినండి. ఫారం ఏడు కింద ఇప్పుడు మీకొక ఫోన్ వచ్చిందండి. అది వాంఛితమాండి, అవాంఛితమాండి?"

పథకంలో చేరిన ఇన్నాళ్ళలో నేను ఆలోచించకుండా జవాబు చెప్పిన ప్రశ్న అదొక్కటే.

"వాంఛితమమ్మా. రాసుకో. బాగా పెద్దక్షరాలతో రాసుకో."

"ఉద్దేశం నెరవేరిందాండి?"

నేను జవాబు చెప్పేలోపు అన్నయ్య ఫోన్ లాక్కున్నాడు. ఆ పిల్లే జాబితా చూసి నాకు ముందుగా చెప్పిందని, తను రాకముందే ఇల్లు కడిగించానని అప్పటికే నోరు జారి ఉన్నాను.

"అమ్మా, నేను ఆడన్నయ్యని. నువ్వెవరి బిడ్డవో గాని సల్లగా ఉండు. వచ్చే పదిహేనో తారీకున మా మనవరాలి పెళ్ళి, మండపేటలో. నువ్వు తప్పకుండా రావాలి. మీ అమ్మానాన్నల్ని కూడా తీసుకురా. ఇలా ఫోన్లో పిలుత్తున్నానని ఏమీ అనుకోకమ్మా..."

అక్కడ ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది. నెమ్మదిగా నా వైపు తిరిగాడు. నేను వాసాలు లెక్కపెడుతున్నాను.

ఫోన్లోంచి కల్యాణి గొంతు సన్నగా వినిపించింది. "ఏమీ అనుకోనండి. తప్పకుండా వస్తానండి."

అన్నయ్య ఫోన్ నా చేతిలో పెట్టాడు. తరవాత, ఈ ఇంట్లో కాఫీ ఇస్తారా లేక దానికి కూడా ఫారం ఉందా అని మెల్లిగా అడిగాడు.